"ఆచార్యదేవో భవ" తరువాత ఏముంది?

ప్రశ్న (అంబాజీపేట నుంచి)

అందరికీ నమస్కారమండీ. మా మేనత్త కొన్నేళ్లుగా ఒక గురువుగారి సత్సంగానికి వెళ్తున్నారు. అన్నదాన సత్రం కడతామంటే ఒక దింపు కొబ్బరికాయల డబ్బు మొత్తం తీసుకెళ్లి ఇచ్చారు. పునాది కూడా పడకపోవడంతో మొన్న కార్తీకమాసంలో, పని ఎంతవరకు వచ్చిందని సభలోనే అడిగారు. గురువుగారు ఏమీ అనలేదు. పక్కనున్న శిష్యులు మాత్రం "ఆచార్యదేవో భవ అని వేదమే చెప్పింది, దేవుణ్ణి లెక్కలు అడుగుతారా, ఇది గురునింద" అని ఆమెను కూర్చోబెట్టేశారు. పాపం చేశానేమోనని అత్తయ్యకు ఆ రోజు నుంచి తిండి సహించడం లేదు. ఆ వాక్యం ఎక్కడిది? దానికి నిజంగా ఆ అర్థమే ఉందా?

సమాధానం

అమ్మా, ముందు మీ అత్తయ్యగారిని కడుపునిండా భోజనం చేయమనండి. ఆమె చేసిన పాపమేమీ లేదు.

ఆ వాక్యం తైత్తిరీయోపనిషత్తులో శీక్షావల్లి అనే అధ్యాయంలోది, పదకొండో అనువాకం, అంటే పదకొండో విభాగం. మన కోనసీమ అగ్రహారాల్లో యజుర్వేదం సంత చెప్పుకున్నవారికి, అంటే గురువు వెంట పలికి కంఠస్థం చేసినవారికి, ఇది నిద్రలో లేపి అడిగినా వస్తుంది. చదువు పూర్తయి ఇంటికి బయలుదేరే శిష్యుడికి గురువు చెప్పే చివరి మాటలివి. సత్యం వద, ధర్మం చర అని మొదలుపెట్టి, తల్లిని, తండ్రిని, ఆచార్యుణ్ణి, అతిథిని దేవుళ్లుగా చూసుకోమంటాడు. బడి గోడల మీద, కరపత్రాల మీద, సన్మాన సభల్లో మనవాళ్లు అక్కడితో ఆపేస్తారు. చెప్పిన గురువు అక్కడ ఆగలేదు. "అతిథిదేవో భవ" అన్న వెంటనే ఇలా అన్నాడు:

యాన్యనవద్యాని కర్మాణి। తాని సేవితవ్యాని। నో ఇతరాణి।
యాన్యస్మాకం సుచరితాని। తాని త్వయోపాస్యాని। నో ఇతరాణి।

"వేలెత్తి చూపడానికి వీల్లేని పనులేవో వాటినే చేయి, మిగతావి వద్దు. మా నడవడిలో మంచిది ఏదో దాన్నే పాటించు, మిగతాది వద్దు."

ఆ "అస్మాకం" అన్నది ఎవరో కాదు, సాక్షాత్తు గురువే. శిష్యుడు నేర్చుకోకూడనివి కూడా తనలో ఉండవచ్చని తన నోటితోనే ఒప్పుకుంటున్నాడు. రెండో "నో ఇతరాణి"కి శంకరులు భాష్యం రాస్తూ "ఆచార్యకృతాన్యపి" అన్నారు. ఆచార్యుడు చేసినవైనా సరే, చెడ్డవైతే వద్దని. మంచేదో చెడేదో శిష్యుడు తూచి చూసుకోకపోతే ఈ ఆజ్ఞను పాటించడం ఎలా? నా దృష్టిలో ఇది శిష్యుడికి ఇచ్చిన వెసులుబాటు కాదు, వాడి నెత్తిన పెట్టిన బాధ్యత.

అదే అనువాకం చివర ఇంకో మాట ఉంది. ఏ పనిలోనైనా, ఏ నడవడిలోనైనా నీకు సందేహం వస్తే, అక్కడ బాగా ఆలోచించగలిగిన, ఇంకొకరి ఒత్తిడికి లొంగని, కటువుగా ఉండని, ధర్మాన్నే కోరే పెద్దలు ఎలా నడుచుకుంటారో చూసి నువ్వూ అలాగే నడుచుకో అంటాడు. నా దగ్గరికే వచ్చి అడుగు అనలేదు. ఈ ఒక్క వాక్యం చదివినప్పుడల్లా ఆ పేరు తెలియని ఆచార్యుడికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

పాలకొల్లు నుంచి ఒక సభ్యుడు

గీతలో కూడా ఉందిగా అండీ, "తద్విద్ధి ప్రణిపాతేన పరిప్రశ్నేన సేవయా" అని. నమస్కారానికీ సేవకూ మధ్యలో ప్రశ్న ఉంది. మనవాళ్లు అటూ ఇటూ ఉంచుకుని మధ్యలోదాన్ని తీసేశారు.

సమాధానం

బాగా చెప్పారు. అయితే ఆ శ్లోకంలోని పరిప్రశ్న తత్త్వం గురించి. బంధమంటే ఏమిటి, మోక్షమెలా అని అడగడం. దాన్ని తెచ్చి సత్రం లెక్కలకు ముడిపెడితే అవతలివారు సులభంగా తోసిపుచ్చుతారు. ఇక్కడ ప్రశ్న గురువు నడవడి మీద. దానికి తైత్తిరీయమే సరైన ఆధారం.

ముక్తేశ్వరం నుంచి ఒక పెద్దాయన

బాబూ, మీరు చెప్పిన పాఠం ఉన్నదే, కాదనను. కానీ మనువు ఏమన్నాడు? గురువు మీద పరీవాదం గానీ నింద గానీ జరిగే చోట చెవులు మూసుకో, లేదా లేచి వెళ్లిపో అన్నాడు. లేని దోషం చెబితే నింద, ఉన్న దోషం చెబితే పరీవాదం అని మనుస్మృతికి కుల్లూకుడు రాసిన వ్యాఖ్య. అంటే ఉన్న దోషమైనా సరే వినకూడదనేగా? ఆ తల్లి సభలో అడగడం నాకు సబబుగా తోచలేదు.

సమాధానం

అయ్యా, మీరు ఎత్తి చూపిన శ్లోకం గట్టిదే, దాటవేయను. అయితే అది గురువు లేని చోట పదిమందీ చేరి చెప్పుకునే మాటల గురించి. అరుగు మీద కూర్చుని ఆడిపోసుకోవడం తప్పే, నేనూ ఒప్పుకుంటాను. గురువు ఎదుట నిలబడి గురువునే అడగడం ఆ శ్లోకం కిందికి ఎలా వస్తుంది?

తమరు రోజూ ప్రవర చెప్పుకునేటప్పుడు "ఆపస్తంబ సూత్రః" అంటారు కదా. ఆ ఆపస్తంబుడి ధర్మసూత్రమే చూడండి. "ఆచార్యాధీనః స్యాదన్యత్ర పతనీయేభ్యః" అన్నాడు. ఆచార్యుడు చెప్పినట్టు ఉండు, పతనానికి దారితీసే పనుల్లో తప్ప అని. ఇంకోచోట, పొరపాటున గానీ తెలిసి గానీ ఆచార్యుడు నియమం తప్పితే "రహసి బోధయేత్", ఏకాంతంలో చెప్పమన్నాడు. బ్రహ్మచారి గురువుకు తప్పు చెప్పవచ్చునా అన్న సందేహమే అక్కడ లేదు. ఎలా చెప్పాలన్నదే అక్కడి విషయం.

భీష్ముణ్ణి తలుచుకోండి. అంబ విషయంలో పరశురాముడు చెప్పింది ధర్మం కాదని తోచినప్పుడు, గర్వంతో దారి తప్పిన గురువును విడిచిపెట్టవచ్చన్న శ్లోకాన్ని గురువు ముఖం మీదే చదివాడు. అయినా యుద్ధానికి ముందు రథం దిగి, నడిచి వెళ్లి, పాదాలకు నమస్కరించాడు. నువ్వు ఇలా రాకపోతే శపించి ఉండేవాణ్ణి అన్నాడు పరశురాముడు. భక్తీ, ఎదిరింపూ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి. మన బలి చక్రవర్తి సంగతి సరేసరి. శుక్రాచార్యుల మాట కాదన్నందుకు శాపం తిన్నవాణ్ణి పోతన చేతిలో మహాత్ముణ్ణిగా చదువుకుంటున్నాం.

పెద్దాయన

ఆపస్తంబుడి మాట కాదనలేను. కానీ బాబూ, ఆయన "రహసి" అన్నాడు. ఆ తల్లి సభలో అడిగింది.

సమాధానం

నిజమేనండీ, గురువుగారి జపతపాల్లో, ఆహార నియమాల్లో లోపం కనిపిస్తే అది ఏకాంతంలో చెప్పవలసిందే. సత్రం ఆయన సొంత నియమం కాదు. సభలో అడిగి, సభలో పోగుచేసిన డబ్బు అది. ఇచ్చినవాళ్లంతా అక్కడే కూర్చుని ఉన్నారు. దాని లెక్క గుసగుసగా అడిగితేనే లేనిపోని పుకార్లు పుడతాయి, మీరన్న పరీవాదం అప్పుడు మొదలవుతుంది. ఆమె ఒక్క కటువు మాట కూడా అనలేదు. పని ఎంతవరకు వచ్చిందని మాత్రమే అడిగింది. తప్పంటూ ఉంటే, గురువు జవాబు చెప్పక ముందే ఆయన తరఫున అడ్డుపడినవారిది.

అమ్మా, ఆ అనువాకం మొత్తం తెలుగు లిపిలో టైపు చేసి రేపు ఇక్కడే పెడతాను. అత్తయ్యగారికి ఒకసారి చదివి వినిపించండి. "అతిథిదేవో భవ" దగ్గర ఆపకండి.