1965 ఎంజీబీ: వేడెక్కాక స్టార్ట్ అవ్వట్లేదు, పెట్రోలు వాసన. ఇది వేపర్ లాకేనా?

రోడ్‌స్టర్65 (ఎంవీపీ కాలనీ)

అందరికీ నమస్కారం. బండి 1965 ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే పైకప్పు లేని బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. 1798 సీసీ, 5 మెయిన్ బేరింగుల ఇంజను, రెండు ఎస్‌యూ కంపెనీ హెచ్‌ఎస్4 కార్బురేటర్లు, వెనకాల ఎస్‌యూ ఎలక్ట్రిక్ పంపు, డైనమో, పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ బాడీకి). ఏదీ మార్చలేదు, కంపెనీ ఇచ్చినట్టే ఉంది.

పొద్దున్న చోక్ లాగితే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. మద్దిలపాలెం నుంచి ఎన్‌ఏడీ దాకా ట్రాఫిక్‌లో వెళ్ళేసరికి స్లో స్పీడు నిలవదు, మిస్సింగ్ మొదలవుతుంది. ఆపి పది నిమిషాలయ్యాక సెల్ఫ్ కొడితే ఎంతసేపు తిప్పినా పట్టుకోదు. బోనెట్ ఎత్తితే పెట్రోలు వాసన. టెంపరేచర్ ముల్లు మాత్రం మధ్యలోనే ఉంటోంది.

మెకానిక్ గారు వేపర్ లాక్ అంటున్నారు. ఎలక్ట్రిక్ ఫ్యాను, దాంతోపాటు కొత్త పెట్రోలు పంపు పెట్టమన్నారు. డబ్బు పెట్టేముందు ఇంటిదగ్గర ఏమేం చూసుకోవచ్చో చెప్పండి. ఏఎఫ్ (అంగుళాల) పానాల సెట్టు, ఫీలర్ గేజ్, మల్టీమీటర్ ఉన్నాయి.

బి_సిరీస్

రోడ్‌స్టర్ గారూ, ఆ రెండూ ఇప్పుడే కొనకండి. వేపర్ లాక్ అంటే పైపులో పెట్రోలు ఆవిరై అడ్డుపడి, ఇంజనుకి అందకపోవడం. మీకు వాసన వస్తోందంటే పెట్రోలు ఎక్కువవుతోందన్న మాట. పైగా ఎంజీబీలో పంపు వెనకాల, ట్యాంకు దగ్గర ఉండి ముందుకి తోస్తుంది. పైపులో ఎప్పుడూ కొంత ప్రెషర్ ఉంటుంది కాబట్టి అక్కడ ఆవిరి అడ్డుపడటం అరుదు. ఇంజనులోనే పంపు ఉండి ట్యాంకు నుంచి పీల్చుకునే బళ్ళకి ఉన్నంత బాధ దీనికి లేదు.

ఎలక్ట్రిక్ ఫ్యాను సంగతి. మీ సీ40 డైనమో పూర్తి స్పీడులో ఇచ్చేదే 22 ఆంపియర్లు. స్లో స్పీడులో దాదాపు ఏమీ ఇవ్వదు. ఫ్యాను తిరగాల్సింది సరిగ్గా అప్పుడే, ట్రాఫిక్‌లో. ఆ కరెంటంతా బ్యాటరీ నుంచే పోతుంది. రాత్రిపూట హెడ్‌లైట్లు కూడా వేస్తే ఇక చెప్పక్కర్లేదు. ముల్లు మధ్యలో ఉందని మీరే అన్నారు కనుక ఇంజను వేడెక్కట్లేదు. థర్మోస్టాట్ ఏది ఉందో మాత్రం ఒకసారి చూడండి. వేడి ప్రాంతాలకి కంపెనీ చెప్పింది 74 డిగ్రీలది.

పంపు విషయంలో ఇంకా జాగ్రత్త. ఎస్‌యూ కార్బురేటర్ పక్కన పెట్రోలు నిలిచే గిన్నె (బౌల్) ఉంటుంది. అది నిండగానే లోపలి తేలే ఫ్లోట్ ఒక నీడిల్‌ని నొక్కి పెట్రోలు ఆపుతుంది. ఆ నీడిల్ 3 పీఎస్‌ఐ దరిదాపుల ప్రెషర్‌ని ఆపగలదు. బజారులో దొరికే పంపుల్లో చాలావాటికి అంతకన్నా ఎక్కువ ప్రెషర్. అది బిగిస్తే బౌల్ పొంగి, ఇప్పుడున్న జబ్బు రెట్టింపవుతుంది.

ముందు ఈ మూడూ చూసి చెప్పండి.

ఇంజను స్టార్ట్ చెయ్యకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేయండి. పంపు టకటకా కొట్టి, బౌల్స్ నిండగానే ఆగిపోవాలి. ఆ తర్వాత అర నిమిషం దాకా చప్పుడు రాకూడదు. నాలుగైదు సెకన్లకోసారి కొడుతుంటే పెట్రోలు ఎక్కడికో పోతోంది. ఆగకుండా గబగబా కొడుతుంటే ట్యాంకు వైపు పైపులో గాలి లాగుతోంది.

అలా ఆన్‌లో ఉండగానే రెండు బౌల్ మూతల ఓవర్‌ఫ్లో పైపుల చివరలు చూడండి. ఆ పైపులు ఊడిపోయి ఉంటే వెంటనే ఆఫ్ చేసెయ్యండి. ఈ బండికి కార్బురేటర్ల కిందే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఉంది. వేడి మానిఫోల్డ్ మీద పెట్రోలు పడితే బండి తగలబడుతుంది. పక్కన డ్రై పౌడర్ సిలిండర్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

మూడోది ప్లగ్గులు. వేడి బండి మొరాయించిన వెంటనే నాలుగూ విప్పి, వరస తప్పకుండా పేర్చి రంగు చూడండి.

పాయింట్లు_ప్లగ్గులు

పై మాటతో ఏకీభవిస్తాను. అయితే వేడిమీద మొరాయించే బళ్ళలో డిస్ట్రిబ్యూటర్‌లోని కండెన్సర్‌ది కూడా పెద్ద వాటా. స్పార్క్ కోసం కరెంటుని తెంచే పాయింట్లు మాడకుండా కాపాడేది అదే. చల్లగా ఉన్నప్పుడు బాగానే పనిచేసి, వేడెక్కాక లోపల లీకవుతుంది. అప్పుడు పాయింట్ల మధ్య తెల్లటి పెద్ద నిప్పురవ్వ లేస్తుంది, పాయింట్ల మొహాలు నీలంగా మాడతాయి. పెట్రోలు కారడం ఆగేదాకా ఇంజను దగ్గర స్పార్క్ పరీక్ష మాత్రం చెయ్యకండి. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్ల రంగు చూడండి, చాలు.

పాయింట్ల గ్యాప్ 0.014 నుంచి 0.016 అంగుళాలు (0.35-0.40 మి.మీ.). ప్లగ్ గ్యాప్ 0.025 అంగుళాలు, ఎన్‌జీకేలో బీపీ6ఈఎస్ సరిపోతుంది. ఫైరింగ్ వరస 1-3-4-2, రోటర్ అపసవ్యంగా తిరుగుతుంది. స్టాటిక్ టైమింగ్ (ఇంజను ఆపి ఉంచి స్పార్క్ పడే చోటు సెట్ చెయ్యడం) 10 డిగ్రీలు ముందుకి.

కాయిల్‌ని వైర్లు విప్పి మల్టీమీటర్‌తో కొలవండి. రెండు చిన్న టెర్మినళ్ళ మధ్య 3 ఓములు పైచిలుకు రావాలి. 1.5 ఓములు వస్తే అది బ్యాలస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కి వెళ్ళే కరెంటు తగ్గించేది) ఉన్న బళ్ళ కాయిల్. మీ బండిలో బ్యాలస్ట్ లేదు కనుక రెట్టింపు కరెంటు లాగి పాయింట్లని తినేస్తుంది, కాయిల్ కూడా చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ఇంకో సంగతి, పాజిటివ్ ఎర్త్ బండిలో డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్ళే వైరు కాయిల్ ప్లస్ టెర్మినల్‌కే ఉండాలి. ఈరోజుల బళ్ళకి అలవాటుపడ్డ ఎలక్ట్రీషియన్లు దాన్ని మైనస్‌కి మారుస్తుంటారు. బండి నడుస్తుంది గానీ స్పార్క్ బలహీనమై, ఆ తేడా వేడిమీదే బయటపడుతుంది.

టాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) బిగుతైనా వేడిమీద స్టార్టింగ్ కష్టమే. ఆ సందు 0.015 అంగుళాలు. కూడిక 9 రావాలని గుర్తుపెట్టుకోండి: 8వ వాల్వ్ పూర్తిగా నొక్కుకుని ఉన్నప్పుడు 1వది సెట్ చెయ్యాలి, 6వది నొక్కుకున్నప్పుడు 3వది, 4వది నొక్కుకున్నప్పుడు 5వది.

రోడ్‌స్టర్65

ఇద్దరికీ ధన్యవాదాలు. చూశాను. ఇగ్నిషన్ ఆన్‌లో పంపు నాలుగైదు సెకన్లకోసారి కొడుతోంది. ముందు కార్బురేటర్ ఓవర్‌ఫ్లో పైపు చివర తడి, వెనకది పొడిగా ఉంది. ప్లగ్గుల్లో 1, 2 నల్లగా మసి పట్టి తడిగా ఉన్నాయి. 3, 4 లేత గోధుమ రంగు. పాయింట్లు బూడిద రంగులో శుభ్రంగానే ఉన్నాయి. కాయిల్ 3.2 ఓములు, వైర్లు మీరు చెప్పినట్టే ఉన్నాయి.

బి_సిరీస్

అయితే దొరికినట్టే. మీ ఇంజను రకం పేరు బి-సిరీస్. దాని హెడ్‌లో 1, 2 సిలిండర్లకి కలిపి ఒకటే ఇన్‌లెట్ పోర్టు, 3, 4కి కలిపి ఇంకొకటి. ముందు కార్బురేటర్ ముఖ్యంగా మొదటి జతకే పోస్తుంది. అందుకే ఆ రెండే మసిబారాయి. కాయిల్‌దో కండెన్సర్‌దో తప్పయితే నాలుగూ ఒకేలా ఉండేవి. జబ్బు ముందు ఫ్లోట్ బౌల్‌లో ఉంది.

బ్యాటరీ వైరు తీసేయండి. మీది పాజిటివ్ ఎర్త్ కాబట్టి ముందు తీయాల్సింది ప్లస్. ఇంజను బాగా చల్లారాక బౌల్ మూత మీది మూడు స్క్రూలు విప్పితే మూత, ఫ్లోట్ కలిసి వస్తాయి. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపండి. లోపల పెట్రోలు కదిలితే అది మునిగిపోతున్నట్టు, మార్చెయ్యాలి. ఖాళీగా ఉంటే పిన్ను లాగి నీడిల్ తీసి చూడండి. కొనమీద గాటు గానీ, రబ్బరు కొన అయితే ఉబ్బు గానీ కనిపిస్తుంది. సీటుతో కలిపి సెట్టుగానే మార్చండి, కొత్త నీడిల్ పాత సీటు మీద కూర్చోదు.

బిగించాక మూతని తలకిందులు చేసి పట్టుకుంటే ఫ్లోట్ బరువుకి నీడిల్ మూసుకోవాలి. అప్పుడు ఫ్లోట్ లివరుకీ మూత అంచుకీ మధ్య 1/8 నుంచి 3/16 అంగుళం సందు ఉండాలి, అంటే 3 నుంచి 5 మి.మీ. లోపు కడ్డీ దూరాలి. అదే భంగిమలో ఇన్‌లెట్‌కి చిన్న గొట్టం తగిలించి ఊదండి. గాలి అసలు పోకూడదు. రెండు కార్బురేటర్లకీ ఒకేసారి చెయ్యండి, వెనకది కూడా అదే వయసు.

నీడిల్ ఎందుకు పాడైందన్నదే అసలు విషయం. ఇప్పుడు బంకుల్లో మామూలుగా పోసేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఆరోజుల రబ్బరు 20 శాతం ఇథనాల్‌ని తట్టుకోదు: ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, గొట్టాల లోపలి పొర పొట్టులా రాలి నీడిల్ కింద ఇరుక్కుంటుంది. ఆ పొట్టు ఇరుక్కున్నా ఇలాగే పొంగుతుంది. కాబట్టి ట్యాంకు దగ్గర్నుంచి బౌల్ దాకా ఉన్న రబ్బరు గొట్టాలన్నీ మార్చండి. గొట్టం మీద ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని అచ్చు ఉండాలి. ఆ అచ్చు లేనిది ఎంత కొత్తగా మెరిసినా వద్దు.

బంకు పెట్రోలులో ఇథనాల్ ఎంతుందో తెలియాలంటే 100 మి.లీ. కొలత గొట్టంలో 10 మి.లీ. నీళ్ళు పోసి, 100 గీత దాకా పెట్రోలు నింపి, బాగా కుదిపి పది నిమిషాలు నిలపండి. కింది పొర 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు. 28 దరిదాపులకి పెరిగితే 20 శాతం ఉన్నట్టు.

బౌల్స్ సరిచేశాక మిక్చర్ (పెట్రోలు, గాలి పాళ్ళు) మళ్ళీ పెట్టుకోవాలి. ఈ20 పూర్తిగా మండటానికి ఒక వంతుకి సుమారు 13.5 వంతుల గాలి చాలు, అసలు పెట్రోలుకి 14.7 కావాలి. పాత సెట్టింగ్ మీద ఇంజను లీన్‌గా (పెట్రోలు తక్కువై) పోతుంది. పెట్రోలు ఎక్కువైతే రిచ్ అంటారు. ఎయిర్ ఫిల్టర్లు, డ్యాష్‌పాట్లు (కార్బురేటర్ పైన పిస్టన్ ఉండే గుండ్రటి భాగాలు) విప్పి, పెట్రోలు వచ్చే రెండు జెట్లనీ బ్రిడ్జ్‌తో (కార్బురేటర్ లోపలి గట్టు) సమానంగా పైకి ఎక్కించి, అక్కడి నుంచి జెట్ కింది నట్టు రెండు పూర్తి చుట్లు కిందికి దించండి. నట్టుకి ఆరు పలకలు, అంటే 12 పలకలు. ఇంజను బాగా వేడెక్కాక స్లో స్పీడు 700-800 మధ్య పెట్టి, రెండు కార్బురేటర్ల నోళ్ళ దగ్గరా గొట్టం చెవికి పెట్టుకుని వింటూ హిస్ శబ్దం సమానం చెయ్యండి. ఈ బ్యాలెన్స్ కుదరకుండా మిక్చర్ ముట్టుకుంటే ఎంతకీ తేలదు.

ఆ తర్వాత పిస్టన్‌ని కింది పిన్నుతో మిల్లీమీటరు మేర లేపండి. ఇంజను రేస్ పెరిగి అలాగే ఉంటే రిచ్. పడిపోతే లీన్. కాస్త పెరిగి వెంటనే యథాస్థితికి వస్తే సరిగ్గా ఉంది. ఈ20 మీద మామూలుగా ఒకటి నుంచి మూడు పలకలు అదనంగా దించాల్సి వస్తుంది. నట్టు దించితే రిచ్, ఎక్కిస్తే లీన్.

డ్యాష్‌పాట్‌లో నూనె పిస్టన్ రాడ్ గొట్టం అంచుకి అర అంగుళం పైదాకా. మన ఎండలకి ఇంజన్లో పోసే 20డబ్ల్యూ-50 అయినా ఫరవాలేదు.

కార్బురేటర్లు ఎలాగూ విప్పుతారు కనుక వాటి వెనకాల దళసరి ఇన్సులేటర్ బ్లాకులు, హీట్ షీల్డ్ ఉన్నాయో లేదో చూడండి. మానిఫోల్డ్, బ్లాకు, షీల్డ్, కార్బురేటర్, ప్రతి రెంటికీ మధ్య గ్యాస్కెట్. బ్లాకులు లేకపోతే బండి ఆపిన పది నిమిషాల్లో బౌల్‌లో పెట్రోలు మరుగుతుంది. అప్పుడు ఎంత బాగుచేసినా వేడి స్టార్టింగ్ కుదరదు. ఈలోగా వేడిమీద మొరాయిస్తే చోక్ ముట్టుకోకండి. యాక్సిలరేటర్ సగం తొక్కి, కదపకుండా పట్టుకుని సెల్ఫ్ కొట్టండి.

ఉప్పుగాలి (లాసన్స్ బే)

ఎంవీపీలో ఉన్నారు కాబట్టి సముద్రం గాలి సంగతి. సీట్ల వెనకాల ఉన్న రెండు 6 వోల్టుల బ్యాటరీల నుంచి బాడీకి, ఇంజను నుంచి బాడీకి వెళ్ళే ఎర్త్ పట్టీలు చూడండి. కాయిల్ వైరు ఒకటి తీసేసి సెల్ఫ్ కొట్టిస్తూ, బ్యాటరీ ప్లస్ పోస్టుకీ ఇంజను బ్లాకుకీ మధ్య వోల్టేజీ చూడండి. 0.5 దాటితే పట్టీ కింద తుప్పు ఉన్నట్టే. బాడీ లోహం మెరిసేదాకా గీకి, బిగించి, పైన వాజలీన్ రాయాలి. బుల్లెట్ కనెక్టర్లు కూడా అంతే.

ఫ్యూజుల్లో పెద్ద మోసం ఉంది. పాత లూకాస్ గాజు ఫ్యూజు మీద 35 అని రాసుంటే అది కరిగే లెక్క, నిలకడగా మోసేది 17 ఆంపియర్లు. బజారు 35 ఆంపియర్ల ఫ్యూజు వేస్తే ఫ్యూజు కన్నా ముందు వైరింగ్ కాలుతుంది.

సిల్స్ (తలుపుల కింద పొడుగునా ఉండే ఇనుప పెట్టెలు) కింది నీటి రంధ్రాలు తీగతో పొడిచి తెరిచి ఉంచండి. ఈ రోడ్‌స్టర్‌కి పైకప్పు లేదు కాబట్టి బలమంతా సిల్స్‌లోనే. తలుపు సందు కింద ఒకలా పైన ఒకలా ఉంటే సిల్ లోపల పోయినట్టు. టింకరింగ్‌కి ఇస్తే, కోసేముందు తలుపు గుమ్మానికి అడ్డంగా ఇనుప యాంగిల్ వెల్డ్ చేయించండి. లేకపోతే బాడీ వంగి ఆ తలుపు మళ్ళీ పడదు. బీచ్ రోడ్ మీద భీమిలి దాకా వెళ్ళొస్తే అడుగుభాగం మంచినీళ్ళతో కడగాలి. కవరు గుడ్డదే వాడండి. ప్లాస్టిక్ టార్పాలిన్ కింద చెమ్మ ఆరదు.

రోడ్‌స్టర్65

సెట్టు, గొట్టాలు ఆర్డర్ పెడుతున్నాను. ఒక్క ప్రశ్న. ఆటోనగర్‌లో అంబాసిడర్ సామాను దొరుకుతుంది, అది ఇదే ఇంజను అంటారు కదా, ఏమైనా పనికొస్తుందా?

బి_సిరీస్

అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజను బి-సిరీస్ కుటుంబమే. స్ట్రోక్ రెంటికీ 88.9 మి.మీ. కానీ బోర్ దానిది 73, మీది 80.26. పిస్టన్లు, రింగులు, హెడ్ గ్యాస్కెట్ పనికిరావు. మెయిన్ బేరింగులు అసలే అడగొద్దు, మీది 5, దానిది 3. చిన్న సామాను ఏది కొన్నా పాతది చేతిలో పట్టుకెళ్ళి పక్కన పెట్టి కొలిచాకే తీసుకోండి. ఎంజీఏ 1500 ఉన్నవాళ్ళకి మాత్రం కొలతలు బాగా దగ్గర, వాళ్ళు తప్పక వెతకాలి.