వానాకాలంలో టాంటో కత్తికి తుప్పు చుక్కలు. డీ2 ఉక్కు మీద హమోన్ నిజమేనా?

కొబ్బరితోట (రాజోలు):
నమస్కారమండి. జపాన్ తరహా కత్తులు చేతిపనివాళ్ల దగ్గర చేయించుకుని దాచుకోవడం నాకు సరదా. ఈమధ్య ఒక టాంటో, అంటే జపాన్ పొట్టి కత్తి, చేయించాను. అలుగు ఆరంగుళాలు, ఉక్కు 1095 అనే కార్బన్ రకం, తోలు ఒర, పిడికి టేకు చేప తోలు, దాని మీద దారం అల్లిక. ఒరలోనే ఉంచి బీరువాలో పెట్టాను. వానలు పట్టాక తీసి చూస్తే ఒర మూతి తగిలేచోట నారింజ రంగు చుక్కలు, కాస్త పైన నల్లగా మరక. కొబ్బరినూనె రాసే పెట్టానండి. తోమెయ్యాలా, వదిలెయ్యాలా?

ఇంకోటి. వేరే ఆయన డీ2 ఉక్కు కత్తి ఫొటో పెట్టి "అసలైన హమోన్" అంటున్నారు. హమోన్ అంటే అంచు పొడవునా కనిపించే అల గీత కదా, అది బ్రహ్మాండంగా ఉంది. బయానా ఇచ్చెయ్యొచ్చా?

కొలిమి_భీమవరం:
బయానా ఆపండి, దాని సంగతి తర్వాత. ముందు చేతిలో ఉన్నదాన్ని కాపాడుకోండి.

తెల్ల గుడ్డతో గట్టిగా తుడవండి. గుడ్డకి ఎర్రటి పొడి అంటితే అది తుప్పు, లోపలికి తినేస్తుంది. నల్ల మరక గుడ్డకి రాకపోతే దాన్ని ముట్టుకోకండి, కార్బన్ ఉక్కుకి ఆ రంగు రావడం మామూలే. ఎర్ర చుక్కల మీద నూనె వేసి కాసేపు నాననిచ్చి మెత్తటి గుడ్డతో రుద్దండి. పోకపోతే 2000 నంబరు నీళ్ల కాగితం (బాగా నున్నటి గరుకు కాగితం) చిన్న ముక్క, నూనెతోనే, అలుగు మీద గీతలు ఎటు నడిచాయో అటే. అడ్డంగా రుద్దారో, మెరుగు మళ్లీ తెప్పించుకోవాల్సిందే.

అసలు దొంగ మీ ఒరండి. తోలు తేమ పట్టేస్తుంది, తోలుని శుద్ధి చేసినప్పటి రసాయనాలూ అందులో మిగిలుంటాయి. మీకు అంతర్వేది వైపు ఉప్పుగాలి ఒకటి. ఒర చూపించుకోవడానికి, కత్తి దాచుకోవడానికి కాదు. జపాన్‌లో ఒరని హో అనే తేలికపాటి కర్రతో చేస్తారు. అది దొరక్కపోతే కత్తిని విడిగా గుడ్డలో చుట్టి గట్టి మూతున్న డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగితే తేమతో నిండాయని లెక్క, వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి.

కొబ్బరినూనె మాత్రం మానండి. కొన్నాళ్లకి ముక్కిపోతుంది, దుమ్ము పట్టేస్తుంది. కుట్టుమిషన్ నూనె చాలు, అదీ రాసి తుడిచేసినంత పల్చగా. జపాన్‌లో కత్తులకి వాడే చోజీ నూనె కూడా ఇప్పుడు అమ్మేది చాలావరకు మినరల్ ఆయిలే, లవంగం కలిపేది వాసనకి.

గోదారిగట్టు (రాజమండ్రి):
హమోన్ గురించి నేను చెప్తాను. డీ2లో క్రోమియం పన్నెండు శాతం దాకా ఉంటుంది, గాలికే గట్టిపడిపోయే ఉక్కు. హమోన్ రావాలంటే వీపు వైపు మట్టి మందంగా పూసి, కాల్చి, ముంచాలి. అంచు గబుక్కున చల్లారి గట్టిపడుతుంది, మట్టి కింద వీపు నెమ్మదిగా చల్లారి మెత్తగా ఉంటుంది. ఆ రెండింటి సరిహద్దే హమోన్. డీ2లో నెమ్మదిగా చల్లారిన భాగమూ గట్టిపడుతుంది కదా, ఇక సరిహద్దెక్కడిది? ఆ గీత యాసిడ్‌తోనో ఇసుకతోనో గీసింది.

మీ 1095ని ఒకే బల్బు కింద అటూ ఇటూ వంచి చూడండి. అసలు హమోన్ మంచు తెరలా కనిపిస్తుంది, ఒక కోణంలో వెలుగుతుంది, ఇంకో కోణంలో మాయమవుతుంది. గీసింది ఎటు తిప్పినా ఒకేలా ఉంటుంది.

కొలిమి_భీమవరం:
ఒక్క మాట కలపాలండి. యాసిడ్ పెట్టినవన్నీ దొంగవి కావు. ఇప్పటి కత్తులవాళ్లు చాలామంది నిజమైన హమోన్‌ని పైకి తేవడానికీ కాస్త యాసిడ్ పెడతారు. అడగాల్సింది ఉక్కు పేరు, మట్టి పూసినప్పటి ఫొటో.

గోదారిగట్టు:
ఒప్పుకుంటా. మూడు పొరల కత్తుల్లో మధ్య ఉక్కుకీ పక్క పొరలకీ మధ్య కూడా గీత ఉంటుంది, దాన్నీ హమోన్ అనేసి అమ్ముతున్నారు. కోసు మొన (వంపు లేకుండా కోణంలా తెగినట్టుండే మొన) టాంటో అయితే అది పాత జపాన్ రూపమే కాదు, అమెరికాలో 1980ల్లో బాగా ఊపందుకుంది. పాత టాంటోకి మొన దాకా సాఫీగా వంపే. ఎవరిష్టం వాళ్లది, కానీ "సంప్రదాయం" అని ఎక్కువ డబ్బు అడిగితే ఇవ్వకండి.

కొబ్బరితోట:
గుడ్డకి ఎర్రపొడి వచ్చిందండి, రుద్దితే పోయింది. నల్లది వదిలేశాను. డీ2 ఆయన్ని మట్టి ఫొటో అడిగితే జవాబు లేదు. పొడవు విషయంలో లైసెన్సు గొడవేమైనా ఉందా?

కొలిమి_భీమవరం:
2016 ఆయుధ నిబంధనల్లో 9 అంగుళాలకి మించిన పొడవు, లేదా 2 అంగుళాలకి మించిన వెడల్పు ఉన్న అలుగుల్ని ఆయుధాల్లో చేర్చారు. ఇంటికీ వ్యవసాయానికీ చేసినవి అందులోకి రావు, అందుకే మన కొబ్బరికాయ కత్తుల జోలికి ఎవరూ రారు. మీ ఆరంగుళాలకి ఆ బాధ లేదు. అయినా జేబులో పెట్టుకుని తిరక్కండి.

ఈసారి చేయించుకుంటే పిడిని అతికించొద్దనండి. వెదురు మేకు ఒక్కటి కొట్టి ఊడదీసేలా కావాలని ముందే చెప్పండి. టేకు చేప తోలు, దారం కింద చెమట చేరి తోక (పిడిలోకి వెళ్లే ఉక్కు భాగం) తుప్పు పడితే అతికించిన పిడిలోపల ఏం జరుగుతుందో మీకు కనిపించదు. ఈ వానలయ్యేదాకా వారానికోసారి తీసి చూడండి, అలుగు మీద వేలు పడితే అప్పుడే తుడవండి.