అమ్మకి కాల్షియం 11.4 వచ్చింది. పాలు, రాగిజావ మానిపించాలా?

ఉప్పల్ సుధ:
అందరికీ నమస్తే అండి. అమ్మకి 63 ఏళ్ళు. బీపీ చెకప్‌తో పాటు రక్త పరీక్షలు చేయిస్తే కాల్షియం 11.4 అని వచ్చింది. ల్యాబ్ వాళ్ళ రేంజ్ 8.6 నుంచి 10.3. అల్బుమిన్ 4.2, క్రియాటినిన్ 0.9. డాక్టర్ గారు ‘మళ్ళీ ఒకసారి కాల్షియం చేయించండి, దాంతోపాటే పీటీహెచ్, విటమిన్ డి కూడా’ అని రాసిచ్చారు. వెనక చాలామంది ఉన్నారు, ఎందుకని అడిగే వీలు దొరకలేదు.

ఇంటికొచ్చేలోపే పిన్ని ఫోన్. పాలు, పెరుగు, రాగిజావ అన్నీ బంద్ చేయమంది. తమ్ముడేమో నెట్‌లో ఏదో చదివి క్యాన్సరేమో అని టెన్షన్ పెట్టేస్తున్నాడు. అమ్మ మాత్రం ‘కాల్షియం ఎక్కువుంటే మంచిదేగా, ఎముకలు గట్టిపడతాయి’ అని నింపాదిగా కూర్చుంది.

మలబద్ధకం చాన్నాళ్ళుగా ఉంది. రాత్రిళ్ళు బాత్రూంకి లేస్తుంది, షుగర్ లేదు. 2019లో కిడ్నీలో రాయి వచ్చింది. బీపీకి టెల్మిసార్టన్ వేసుకుంటుంది. మోకాళ్ళ నొప్పులకని కాల్షియం మాత్రలు. అసలు ఇదంతా దేనివల్ల?

ల్యాబ్ తమ్ముడు (మలక్‌పేట):
సుధక్కా, నేను డాక్టర్‌ని కాదు, రక్తం తీసేవాణ్ణి. మీ డాక్టర్ రాసినవి సరైన టెస్టులు. ముందు కాల్షియం మళ్ళీ ఎందుకో చెప్తాను. నరం దొరకట్లేదని చేతికి రబ్బరు పట్టీ చాలాసేపు బిగించి ఉంచితే కాల్షియం కొంచెం ఎక్కువ చూపిస్తుంది. నీళ్ళు తాగకుండా ఎండలో వచ్చినా అంతే. మనవాళ్ళు పరగడుపు అంటే మంచినీళ్ళు కూడా ముట్టరు! ఈసారి అమ్మని నీళ్ళు తాగించి తీసుకెళ్ళండి.

రక్తంలో కాల్షియం దాదాపు 40 శాతం అల్బుమిన్ అనే ప్రోటీన్‌ని అంటుకుని తిరుగుతుంది. అందుకే అల్బుమిన్ 4 కంటే ఎంత తక్కువుంటే ఆ తేడాని 0.8తో గుణించి కాల్షియంకి కలుపుతారు, ఎక్కువుంటే తీసేస్తారు. అమ్మది 4.2 కాబట్టి 11.2 దగ్గరికొస్తుంది. అంటే అల్బుమిన్ మాయ కాదు, నిజంగానే ఎక్కువ.

ఇప్పుడు పీటీహెచ్. మెడలో థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత గ్రంథులు నాలుగుంటాయి, పారాథైరాయిడ్ అంటారు. రక్తంలో కాల్షియం తగ్గితే అవి పీటీహెచ్ అనే హార్మోన్ వదిలి ఎముకల్లోంచి లాగుతాయి, పెరిగితే నోరు మూసుకోవాలి. కాల్షియం 11 దాటాక కూడా పీటీహెచ్ ఎక్కువుందంటే, లేదా ‘నార్మల్’ అనే వచ్చినా, అనుమానం ఆ గ్రంథి మీదే. బాగా తక్కువుంటే కారణం వేరే చోట వెతకాలి: విటమిన్ డి మోతాదు మించడం, టీబీ, సార్కాయిడోసిస్, కొన్ని క్యాన్సర్లు. మీ తమ్ముడికి చెప్పండి, బయట తిరుగుతున్న మనుషుల్లో ఎక్కువగా కనిపించే కారణం ఆ గ్రంథిలో వచ్చే మామూలు గడ్డే, క్యాన్సర్ కాదు. కాల్షియంకీ పీటీహెచ్‌కీ ఒకేసారి తీసిన రక్తం ఇవ్వండి. జుట్టుకని బయోటిన్ వాడుతుంటే ముందే చెప్పండి, పీటీహెచ్ తప్పుగా తక్కువ చూపించొచ్చు.

ఇంకో పని. అమ్మ మందుల డబ్బా మొత్తం బోర్లించి చూడండి. టెల్మిసార్టన్ స్ట్రిప్ మీద పక్కన ‘హెచ్’ ఉందా? అది హైడ్రోక్లోరోథయజైడ్, మూత్రంలోకి పోవాల్సిన కాల్షియంని ఆపుతుంది. వారానికొకటి అని రాసిచ్చే 60,000 యూనిట్ల విటమిన్ డి ఏమైనా వేసుకుంటోందా, ఎన్నాళ్ళుగా? మా దగ్గరికొచ్చే పెద్దవాళ్ళలో ‘బాగుంది కదా’ అని ఏడాదులు లాగించేవాళ్ళున్నారు. కిళ్ళీ అలవాటుంటే సున్నం కూడా లెక్కలోకి వస్తుంది. ఏదీ మీ అంతట మీరు ఆపకండి, బీపీ మాత్ర అస్సలు వద్దు. డబ్బా తీసుకెళ్ళి డాక్టర్ ముందు పెట్టండి.

కూకట్‌పల్లి అత్తయ్య:
అమ్మాయ్, మా ఆయనకీ ఇదే. రాళ్ళు రెండుసార్లు పగలగొట్టించుకున్నాం గానీ కాల్షియం చూడాలని ఎవరికీ తట్టలేదు. మూడోసారి ఒక కుర్ర డాక్టరు చూశాడు. మీ అమ్మ ఎముకలు గట్టిపడతాయనుకుంటోంది చూడు, అక్కడే తిరకాసు. రక్తంలో ఎక్కువుందంటే ఎముకల్లోంచి పోతోందని, ఎముకల బలం చూసే డెక్సా స్కాన్‌లో ఆయనకి తేలింది. మెడ దగ్గర చిన్న కోత పెట్టి ఒక గ్రంథి తీసేశారు. తీశాక మూతి చుట్టూ, వేళ్ళ చివర్లూ తిమ్మిర్లెక్కాయి. కాల్షియం ఒక్కసారిగా పడితే అలాగే ఉంటుందట, మాత్రలిచ్చారు. ఆ తర్వాత రాయి రాలేదు. మనిషి చిరాకు కూడా తగ్గింది, అది నాకు బోనస్.

ఉప్పల్ సుధ:
రిపోర్టులు వచ్చాయండి. కాల్షియం 11.3, పీటీహెచ్ 118 (రేంజ్ 15–65), విటమిన్ డి 24. స్ట్రిప్ మీద హెచ్ ఉంది. కిళ్ళీ లేదు. తమ్ముడు శాంతించాడు గానీ ‘స్కాన్ రేపే తీయించేద్దాం’ అంటున్నాడు.

ల్యాబ్ తమ్ముడు (మలక్‌పేట):
ఆగమనండి. సెస్టమిబి స్కాన్ గానీ మెడ అల్ట్రాసౌండ్ గానీ జబ్బు ఉందా లేదా అని తేల్చేవి కావు, ఆపరేషన్ అనుకున్నాక ఏ గ్రంథో చూపించేవి. స్కాన్‌లో ఏం కనపడకపోయినా జబ్బు లేదని కాదు. ముందు ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) దగ్గరికెళ్ళండి, నిమ్స్‌లోనూ ఉస్మానియాలోనూ ఆ విభాగం ఉంది. హెచ్ లేని బీపీ మందుకి మార్చి మళ్ళీ చూద్దాం అనొచ్చు. 24 గంటల మూత్రం కూడా అడుగుతారు, ఎందుకంటే కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే కాల్షియం కాస్త ఎక్కువుంటుంది, వాళ్ళకి మూత్రంలో తక్కువ పోతుంది, ఆపరేషన్‌తో పనిలేదు. క్యాన్ ఇచ్చినప్పుడు పొద్దున మొదటిసారి పారబోసి టైం రాసుకోండి, అక్కణ్ణుంచి మర్నాడు అదే టైం దాకా మొత్తం పట్టాలి. సగం మంది మధ్యలో మర్చిపోయి మళ్ళీ వస్తారు.

ఆపరేషన్ అందరికీ అక్కర్లేదు. కానీ కిడ్నీలో రాళ్ళు, ఎముకల డొల్లతనం, వయసు 50 లోపు ఉండటం, కాల్షియం రేంజ్ పైఅంచు కన్నా 1కి మించి ఎక్కువుండటం, వీటిలో ఏది ఉన్నా డాక్టర్లు దానివైపే మొగ్గుతారు. మీకు రాయి చరిత్ర ఉంది కాబట్టి ఆ 2019 రిపోర్ట్ వెతికి పెట్టుకోండి.

పాలు, రాగిజావ మామూలుగా తీసుకోవచ్చు. తిండిలో మరీ తగ్గిస్తే పీటీహెచ్ ఇంకా రెచ్చిపోతుంది. మాత్రల సంగతి డాక్టర్ చెప్తారు. నీళ్ళు బాగా తాగించండి. వాంతులై, మత్తుగా పడుకుని, మాట తడబడితే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, ఎమర్జెన్సీకే. కాల్షియం 14 దాటితే సెలైన్ ఎక్కించాల్సిందే.

ఉప్పల్ సుధ:
థాంక్స్ తమ్ముడూ, అత్తయ్యా. సోమవారం నిమ్స్ ఓపీకి వెళ్తున్నాం. పాలు ఆపక్కర్లేదని పిన్నికి చెప్తే, ‘ఏ డాక్టర్ చెప్పాడు’ అని అడుగుతోంది.