లోపలి బ్రేక్ ప్యాడ్ ఒక్కటే అరిగిపోతోంది, ఎందుకు?

మాది తిరుపతి, నెలకు రెండుసార్లైనా కారులో కొండకు పోయి వస్తుంటాం. మొన్న ముందు ఎడమ చక్రం విప్పితే బయటి ప్యాడ్ సగానికి పైగా ఉంది, లోపలిది మాత్రం రేకు దాకా అరిగి డిస్క్ మీద గీతలు కూడా పడ్డాయి. కుడివైపు రెండూ బాగానే ఉన్నాయి. మెకానిక్ ఏమో ఘాట్ రోడ్డు వల్లే అంటాడు, నిజమేనా?

జవాబు 1: ఘాట్ వల్లయితే రెండు చక్రాలకూ రావాలి కదన్నా. ఇది క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు అదిమే భాగం) పిన్నులు పట్టేసినట్టుంది. ఒకవైపే పిస్టన్ (బ్రేకు తొక్కితే ప్యాడ్‌ను నెట్టేది) ఉండే క్యాలిపర్‌లో ముందు లోపలి ప్యాడ్ నొక్కుకుంటుంది, తర్వాత క్యాలిపర్ పిన్నుల మీద జరిగి బయటిదాన్ని లాగాలి, పిన్ను కదలకపోతే పనంతా లోపలిదాని మీదే పడుతుంది. చేత్తో జరిపి చూడండి. పిన్ను మీది రబ్బరు బూటు (తొడుగు) చిరిగుంటే లోపల తుప్పే.

జవాబు 2: పిన్నులు బాగుంటే పిస్టన్ చూడండి, అది వెనక్కి రాకపోయినా ఇంతే. నాకు చంద్రగిరి దగ్గర దిగి చూస్తే ఆ ఒక్క చక్రమే కాలిపోతోంది (ముట్టుకోవద్దు, నేను ముట్టుకున్నా). పిన్నులకు మామూలు గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బుతుంది, సిలికాన్ గ్రీజు అడగండి. ప్యాడ్లు మాత్రం రెండు చక్రాలకూ మార్చాలి. దిగేటప్పుడు రెండో గేరులో రండి, అది వేరే సంగతి.

ప్రశ్న అడిగినవారు: విప్పించానన్నా. పై పిన్ను వేలితో కదిలింది, కిందిది సుత్తితో కొడితే గానీ రాలేదు.