కొల్లేరు: అయిదో కాంటూరా, మూడో కాంటూరా?

లంకకుర్రోడు:
మాది కొల్లేరు నడిబొడ్డున ఉన్న లంక ఊరు. ఊరి పేరు చెప్పను, చెబితే ఎవరి అబ్బాయినో ఇట్టే పట్టేస్తారు.

1999లో, నేల ఎత్తును బట్టి గీసిన అయిదో కాంటూరు గీత దాకా కొల్లేరు సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు. 308 చదరపు కిలోమీటర్లు. అందులో జిరాయితీ భూములే, అంటే రైతుల సొంత పట్టా భూములే పద్నాలుగు వేల ఎకరాలకు పైగా ఉన్నాయి, ప్రభుత్వం పేదలకిచ్చిన డి-ఫారం పట్టాలు వేరు. తాతల నాటి దస్తావేజులు చేతిలో పెట్టుకుని కూడా తన నేల మీద చేపల చెరువుకు గట్టు వేసుకోలేని రైతు దేశంలో ఇంకెక్కడైనా ఉన్నాడా? 2008లో మన శాసనసభే మూడో కాంటూరుకు తగ్గించమని తీర్మానం చేసింది. తర్వాత కమిటీలు వచ్చాయి, పోయాయి. మా బతుకులు మాత్రం అక్కడే ఆగిపోయాయి.

మూడో కాంటూరుకు తగ్గించినా 135 చదరపు కిలోమీటర్లు పక్షులకు మిగులుతాయి. అది చాలదా? పక్షిని చూడటానికి ఆదివారం వచ్చి వెళ్లేవాళ్లు కాకుండా, కొల్లేరుతో బతికేవాళ్లు సమాధానం చెప్పాలని నా కోరిక.

దుర్భిణి:
నేను విజయవాడలో టీచర్‌ని. ఆదివారాలు పక్షుల్ని చూడటానికి కొల్లేరు ఒడ్డున ఆటపాక వస్తాను, నిజమే. అయినా మాట్లాడతాను.

135 చాలదండి. కొల్లేరును పక్షుల కోసం మాత్రమే కాపాడుతున్నారనుకోవడం దగ్గరే తేడా వస్తోంది. 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది కాబట్టి దాన్ని ముట్టుకోకూడదని నేననడం లేదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వీటన్నిటి వరద వచ్చి కూర్చునే చోటు కొల్లేరే. బయటికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా సింగ్‌నగర్ నీళ్లలో ఉన్నప్పుడు, తర్వాత ఆ నీళ్లు ఎక్కడికి వెళ్లాయో మీకు తెలుసు. మీ లంకలకే కదా. పెద్ద ఎడ్లగాడి దగ్గర రోడ్డు మునిగి ఏలూరు - కైకలూరు దారి మూసేశారు. ఆ నీళ్లు నిలబడాల్సిన చోట గట్లు ఉంటే అవి ఇళ్లలోకి కాక ఎక్కడికి పోతాయి?

మీరు చెప్పిన కమిటీల్లో కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కూడా ఉంది. అయిదో కాంటూరును కదపొద్దని అది చెప్పిన సంగతి కూడా రాసి ఉంటే బాగుండేది.

గోదారి గట్టు:
మూడు అడుగుల లోతు నీళ్లుంటే కొంగలకి చాలదా? అయిదు అడుగులెందుకు?

విశ్రాంత ఇంజనీరు:
పైన రాసిన బాబుకి ఒక్క సంగతి చెప్పాలి. కాంటూరు అంటే లోతు కాదు. సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తున ఉన్న నేలనంతా కలుపుతూ గీసిన గీత అయిదో కాంటూరు. నేను చూసిన చర్చల్లో సగం ఇక్కడే దారి తప్పాయి.

కొల్లేరు నేల బావిలా ఉండదు, పళ్లెంలా ఉంటుంది. పళ్లెంలో నీరు కాస్త తగ్గిస్తే అంచు ఎంత లోపలికి జరుగుతుందో ఇంట్లో చూసుకోండి. పదో కాంటూరు దగ్గర సరస్సు 901 చదరపు కిలోమీటర్లు, అయిదో కాంటూరు దగ్గర 308, మూడో కాంటూరు దగ్గర 135. రెండంటే రెండే అడుగులు, సగం కంటే ఎక్కువ పోతుంది.

లంకకుర్రోడు:
ఇంజనీరు గారూ, లోతుకీ కాంటూరుకీ తేడా నాకు తెలుసు. మా నాన్నకీ తెలుసు. 2006లో ఆ గీత మా ఇంట్లోకి నడిచొచ్చింది.

దుర్భిణి గారూ, మీ కోసం చెబుతాను. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. అభయారణ్యంలో చేపల చెరువులు కొట్టేయమని సుప్రీంకోర్టు ఆదేశమన్నారు, ఆపరేషన్ కొల్లేరు అన్నారు. పొక్లెయిన్లు వచ్చాయి, కొన్నిచోట్ల గట్లను పేల్చేశారు. మా చేపల సొసైటీ చెరువులో బొచ్చె, శీలావతి పట్టుబడికి ఇంకా నెలన్నర టైముంది. నాలుగు రోజులు ఆగమని ఊరంతా బతిమాలింది. ఆగలేదు. గట్టు తెగితే నీళ్లూ చేపా కలిసి వెళ్లిపోయాయి. పక్క ఊళ్ల వాళ్లు వచ్చి సంచులతో ఏరుకుంటుంటే మా నాన్న గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత రెండేళ్లు ఇటుక బట్టీలకు వలస పోయాం. నా చదువు ఇంటర్‌తో ఆగిపోయింది.

ఇంకో మాట. మీ గూడబాతులు తినేది కూడా మా చెరువుల్లో చేపే. సరస్సులో ఏముందని తింటాయి?

గుడివాడ రైతు:
ఉప్పుటేరులో పూడిక తీయకుండా ఏ కాంటూరైనా ఒకటే. ఏటా మా వరి మునుగుతోంది. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

దుర్భిణి:
మీ నాన్నగారికి జరిగినది అన్యాయం. పట్టుబడి దాకా ఆగి ఉండాల్సింది. అందులో నాకు వాదన లేదు.

కానీ గూడబాతుల మాట తీసుకొచ్చారు కాబట్టి చెబుతున్నా. ఆటపాకలో అవి గూళ్లు పెట్టే చెట్లు చచ్చిపోతే ఇనుప స్టాండ్లు పాతి, వాటి మీద గూళ్లు పెట్టనిస్తున్నారు. చెట్టు లేదు కాబట్టి ఇనుము, సరస్సులో చేప లేదు కాబట్టి చెరువు. మీ మాట నిజమే, అవి మీ చెరువుల్లోనే తింటున్నాయి. అందుకేగా చెరువుల మీద తాళ్లు కట్టి, టపాకాయలు పేల్చి వాటిని తరిమేది? సరస్సులో చేప ఎందుకు లేకుండా పోయిందో మీరే చెప్పండి.

కొల్లేటికోట భక్తుడు:
పెద్దింట్లమ్మ తల్లే చూసుకుంటుంది అందరినీ.

లంకకుర్రోడు:
సరస్సులో చేప లేకపోతే దానికీ మేమే కారణమా? ఏలూరు, గుడివాడ, విజయవాడ మురుగంతా ఎక్కడికి వస్తోంది? మీ బాత్రూం నీళ్లు బుడమేరులో కలిసి మా ఇంటి ముందుకొస్తాయి. కొల్లేరు మధ్యన పుట్టి, తాగే నీళ్లు టిన్నుల్లో కొనుక్కుంటున్నాం మేము. మీ ఊళ్లో మురుగు శుద్ధి చేసిన రోజున నాకు కాంటూరు పాఠం చెప్పండి.

విశ్రాంత ఇంజనీరు:
మురుగు వేరు, కాంటూరు వేరు. రెండూ కలిపితే చర్చ తేలదు. ఇంకోటి, అభయారణ్యం హద్దు మార్చడం రాష్ట్రం చేతుల్లో లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు ఉండాలి. శాసనసభ తీర్మానం అడగడం వరకే.

తాటిదోనె:
రెండు రోజులుగా చదువుతున్నాను. రాయకూడదనుకున్నాను గానీ, ఇప్పుడు రాయక తప్పడం లేదు.

తమ్ముడూ, మీ నాన్నగారు గట్టు మీద కూర్చున్న సంగతి చదివి నాకూ కళ్లు తడిశాయి. ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ చెరువు మీరే సాగు చేశారా, లీజుకిచ్చారా?

లంకకుర్రోడు:
అది ఇక్కడ అనవసరం అక్కా.

తాటిదోనె:
నాకు అదే అవసరం. 1976లో సొసైటీలు పెట్టి పేదలకు చెరువులిచ్చారు. ఎన్ని సొసైటీలు తమ చెరువుల్లో తామే చేప పెంచాయి? తవుడు, చెక్క పెట్టుబడికి డబ్బెక్కడిది? లీజుదారు వచ్చాడు. సభ్యుడికి ఏడాదికింత అని చేతిలో పెట్టాడు. పట్టుబడి లారీలెక్కి కలకత్తా వైపు పోయింది. గట్టు తెగిన రోజున పోయిన చేప ఎవరిది? మీ నాన్నగారిదా, లీజుదారుదా?

లంకకుర్రోడు:
ఎవరిదైతే నీకేం? మా వాటా డబ్బులు మాకు వచ్చేవి. ఆ డబ్బులతోనే నేను బడికెళ్లాను. నీ గొడవ నాకర్థమైంది. మీ వాళ్లకి సొసైటీలో వాటా దొరకలేదు, ఆ కడుపుమంటే ఇది. పక్షుల పేరు చెప్పి పాత పగ తీర్చుకుంటున్నావు.

నిర్వాహకుడు:
వ్యక్తిగత మాటలు వద్దు. ఇంకోసారి అయితే చర్చకు తాళం వేస్తాను.

గుడివాడ రైతు:
తాళం వేసేలోగా ఎవరైనా ఉప్పుటేరు సంగతి చెప్పండి.

తాటిదోనె:
తాళం వేయకండి. అతను సగం నిజమే అన్నాడు. మా వాళ్లకి వాటా దొరకలేదు. పాత పగే. కానీ నేను పక్షుల పేరు ఎక్కడా ఎత్తలేదు, పైకి వెళ్లి చూసుకోండి.

మా అమ్మమ్మ పేరున సెంటు నేల లేదు. తాటి దోనె ఒకటి, చేపలు పట్టే మావులు ఓ పాతిక, ఊతలు నాలుగు. పొద్దుగూకే వేళ మావులు పెట్టి, తెల్లవారకముందే వెళ్లి ఎత్తేది. జెల్ల, ఇంగిలాయి, మట్టగిడస, అదృష్టం ఉంటే కొరమీను. కైకలూరు బజారుకు తట్ట నెత్తిన పెట్టుకుని పోయేది. ఆ నీళ్లకి ఓనరు లేడు. ఎవరి దోనె వాళ్లది, ఎవరి మావు వాళ్లది, నీళ్లు అందరివి. ఆ పద్ధతిలోనే నలుగురు పిల్లల్ని పెంచింది.

గట్లు ఒకటొకటిగా లేచాయి. ముందు దారి మళ్లింది, దోనె చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. తర్వాత దారే లేకుండా పోయింది. ఓ రాత్రి మా మామయ్య ఎప్పటిలాగే మావులు పెట్టిన చోటికి వెళ్తే కాపలావాళ్లు పట్టుకుని కొట్టారు. చేపల దొంగ అన్నారు. తాత ముత్తాతలు వేటాడిన నీళ్లలో దొంగ! ఆయన ఆ మాట పోయేదాకా మర్చిపోలేదు.

కొల్లేరు గొడవంటే అందరూ పక్షులా, మనుషులా అంటారు. మా ఇంట్లో ఎన్నడూ అది కాదు గొడవ. గట్టు లోపలి మనుషులా, బయటి మనుషులా అన్నదే. అభయారణ్యంలో చెరువుల సాగు కూడదు గానీ సంప్రదాయ చేపల వేట అడ్డుకోరు కదా. అయిదో కాంటూరు ఉన్నంతకాలం మాలాంటి వాళ్లు దోనె దింపే చోటు కొంచెమైనా మిగులుతుంది. మూడుకు దింపితే మధ్యలో ఉన్న ఆ నేలంతా ఎవరి చేతికి పోతుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అది మీ నాన్నగారి చేతికి మాత్రం రాదు.

దుర్భిణి:
అక్కా, ఇది నాకు తెలియదు. ఇన్నేళ్లుగా వస్తూ పోతూ గూళ్లు లెక్కపెట్టుకున్నాను. దోనెలు ఎన్ని తగ్గాయో ఒక్కసారీ లెక్క చూడలేదు.

గోదారి గట్టు:
మరి జిరాయితీ సంగతేంటి? అది లీజుదారుది కాదుగా. దస్తావేజులున్న భూమి.

లంకకుర్రోడు:
మూడు రోజులు ఇటు రాలేదు. నాన్నతో మాట్లాడాను.

లీజుకే ఇచ్చారు. ఆరేళ్లు వరసగా. 2006లో గట్టు తెగినప్పుడు ఆ ఏడాది రావాల్సిన వాటా మిగతా సగం అందలేదు, అదే నాన్న కూర్చుని ఏడ్చింది. చేప లీజుదారుదే. ఆయన తర్వాత ఇంకోచోట చెరువులు వేసుకున్నాడు. మేం ఇటుక బట్టీకి పోయాం. ఇది ఇక్కడ రాయడం నాకు ఇష్టం లేదు, కానీ అక్క అంత రాసిన తర్వాత దాచడం బాగోదు.

కడుపుమంట అన్నందుకు క్షమించక్కా.

కానీ నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. గోదారి గట్టు గారు అడిగింది అడగాల్సిందే. మా పెదనాన్నకి రెండెకరాల జిరాయితీ ఉంది. లీజు లేదు, సొసైటీ లేదు, కొనుక్కున్న నేల. అది అభయారణ్యం అని ఒక్క మాటతో కలిపేశారు. పరిహారం ఇవ్వరు, వాడుకోనివ్వరు. సరస్సు దేశానికి కావాలంటే దేశం కొనుక్కోవాలి. అప్పుడు అయిదు ఉంచండి, పది ఉంచండి, నేనడగను. కొననంతకాలం మూడో కాంటూరు అడుగుతూనే ఉంటాను, వేరే దారి చూపించలేదు కాబట్టి.

విశ్రాంత ఇంజనీరు:
ఇది సబబైన మాట. హద్దు మార్చనక్కర్లేకుండా పరిహారం ఇవ్వొచ్చు. అభయారణ్యం లోపలి హక్కులను తేల్చి, భూమి తీసుకుని సొమ్ము చెల్లించడానికి అదే చట్టంలో దారి ఉంది.

తాటిదోనె:
మీ పెదనాన్నకి ఇవ్వాల్సిందే. ముందు ఇచ్చి తర్వాత గీత గీయాల్సింది. దానికి నేను ఎక్కడైనా సంతకం పెడతాను. కానీ పరిహారం జాబితా రాసేటప్పుడు దస్తావేజు ఉన్నవాడి పేరే రాస్తారు తమ్ముడూ. మావులు పెట్టుకున్న మనిషికి కాగితం ఏదీ? మా అమ్మమ్మ పోగొట్టుకున్నది ఏ సర్వే నంబరులో ఉంది?

లంకకుర్రోడు:
దానికి నా దగ్గర జవాబు లేదక్కా. మీ అమ్మమ్మ మావులు పెట్టింది ఏ పక్క?

తాటిదోనె:
కొల్లేటికోట అమ్మవారి గుడికి ఉత్తరంగా. మొన్నటిదాకా కిక్కిస గడ్డి ఉండేది, ఇప్పుడు చెరువే. గుడికి వెళ్లినప్పుడల్లా కాసేపు గట్టు కింద నిలబడతాను. కాపలా అతను వచ్చి ఎవరు కావాలండీ అని అడుగుతాడు.

గుడివాడ రైతు:
ఇంజనీరు గారూ, మీరైనా చెప్పండి. ఉప్పుటేరు పూడిక తీస్తే వానాకాలం మా చేల మీద నీరు ఎన్ని రోజులు తక్కువ నిలుస్తుంది?