రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, జూమ్ రెండూ ఒకే మైక్ వాడుకోవాలంటే ఎలా?

ప్రశ్న: విండోస్ 11 డెస్క్‌టాప్, యూఎస్‌బీ మైక్. అమెరికాలో ఉన్న పిల్లలకి ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం చెప్తాను. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి ఉంటే జూమ్‌లో నా గొంతు పోవట్లేదు, అది మూసేస్తే పోతోంది. పైగా కాల్ మొదలవగానే శృతి యాప్ సౌండ్ బాగా తగ్గిపోతోంది, పిల్లలకైతే అసలు వినపడట్లేదంట. శృతి లేకుండా సరళీ స్వరాలు ఎలా పాడించను, ఎవరైనా చెప్పండి ప్లీజ్.

జవాబు: మేడమ్, మామూలుగా విండోసే అన్ని యాప్‌ల సౌండ్ కలిపి పంపిస్తుంది, మైక్ కూడా అందరికీ పంచుతుంది. కానీ ఏదైనా యాప్ "ఎక్స్‌క్లూజివ్ మోడ్"లో మైక్ పట్టేసుకుంటే మిగతావాటికి దొరకదు, మీకు జరిగింది అదే అయ్యుంటుంది. సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్‌లోకెళ్ళి కిందికి దిగితే మోర్ సౌండ్ సెట్టింగ్స్ ఉంటుంది, అందులో రికార్డింగ్ ట్యాబ్, మీ మైక్, ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, అక్కడ ఎక్స్‌క్లూజివ్ మోడ్ కింద ఉన్న రెండు టిక్కులూ తీసేయండి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆసియో (ASIO) డ్రైవర్ ఉంటే, అంటే విండోస్‌ని దాటేసి నేరుగా మైక్‌తో పనిచేసేది ఉంటే, అది ఈ టిక్కుల్ని లెక్కచేయకపోవచ్చు, సాఫ్ట్‌వేర్ ఆడియో సెట్టింగ్స్‌లో దాన్ని వాసాపీ షేర్డ్‌కి (WASAPI, మైక్‌ని మిగతా యాప్‌లతో పంచుకునే విండోస్ పద్ధతి) మార్చండి.

శృతి సౌండ్ తగ్గిపోకుండా ఉండాలంటే అదే విండోలో కమ్యూనికేషన్స్ ట్యాబ్ చూడండి, కాల్ వస్తే మిగతా సౌండ్లు 80 శాతం తగ్గించమని ముందే పెట్టి ఉంటుంది, "డూ నథింగ్" పెట్టండి. పిల్లలకి వినపడాలంటే జూమ్ షేర్‌లో అడ్వాన్స్‌డ్‌కెళ్ళి కంప్యూటర్ ఆడియో ఒక్కటే షేర్ చేయండి. వర్చువల్ కేబుల్ (ఒక యాప్ సౌండ్‌ని ఇంకో యాప్‌కి మైక్‌లా అందించే సాఫ్ట్‌వేర్) లాంటివి కూడా ఉన్నాయి గానీ మీ పనికి అంత అక్కర్లేదు, పైగా వాటితో మీ గొంతే మీకు ఆలస్యంగా వినపడి తాళం తప్పొచ్చు.

ప్రశ్న: మైక్ పనిచేస్తోందండీ, చాలా థ్యాంక్స్! యాప్ బదులు ఒక్కోరోజు శృతి పెట్టె పక్కన పెట్టుకుంటాను, అది మాత్రం వస్తూ ఆగిపోతూ ఉందంటున్నారు?

జవాబు: ఒకే స్థాయిలో మోగుతుంది కదా, ఫ్యాన్ చప్పుడనుకుని నాయిస్ సప్రెషన్ కోసేస్తుంది. జూమ్ ఆడియో సెట్టింగ్స్‌లో "ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజిషియన్స్" ఆన్ చేసుకోండి, కాల్‌లోకి వెళ్ళాక పైన కూడా అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. హెడ్‌ఫోన్స్ మాత్రం తప్పనిసరి, ఎందుకంటే ఆ ఒరిజినల్ సౌండ్‌లో ఎకో క్యాన్సిలేషన్ (ప్రతిధ్వనిని ఆపేది) ఆఫ్‌లో ఉంటే స్పీకర్లోంచి వచ్చే పిల్లల గొంతు మళ్ళీ మీ మైక్‌లోకి వెళ్ళి వాళ్ళకే వినపడుతుంది.

ఇంకొకరు: విండోస్ బదులు ఉబుంటు (లినక్స్) వాడేవాళ్ళకి ఒక మాట, 22.10 వెర్షన్ నుంచి సౌండ్ చూసుకునే పైప్‌వైర్ డిఫాల్ట్‌గానే వస్తోంది, పాత సౌండ్ వ్యవస్థలైన పల్స్‌ఆడియో, జాక్‌ల కోసం రాసిన యాప్‌లు రెండూ దానిమీదే నడుస్తాయి. క్యూపీడబ్ల్యూగ్రాఫ్ (qpwgraph) అనే యాప్ వేసుకుంటే సౌండ్ ఏ యాప్ నుంచి ఎటు పోవాలో మౌస్‌తో వైరు లాగినట్టు కలిపేయొచ్చు, ఒకే మైక్‌ని రెండుమూడు యాప్‌లకి ఇచ్చినా ఇబ్బంది ఉండదు.