సంపుల బ్లీచింగ్ ఎంత ఎయ్యాలె? వాసన వస్తే సరిపోయినట్టేనా?

ప్రశ్న (నకిరేకల్): మా వాడకట్టుల ఇద్దరికి వాంతులు, విరేచనాలు అయితున్నయి. వాననీళ్ళు సంపులకు దిగినయి, అడుగున ఒండ్రు ఉంది. సంపు పొడవు 6 అడుగులు, వెడల్పు 5, నీళ్ళు 5 అడుగుల లోతు. దోసెడు బ్లీచింగ్ చల్లుమని ఒకరు, ఫినాయిల్ పొయ్యమని ఇంకొకరు చెప్తున్నరు. ఏది నిజం?

జడ్చర్ల: ఫినాయిల్‌ను తాగే నీళ్ళ దగ్గరికే రానీయొద్దన్నా. దోసెడు చల్లుడు కూడా లెక్క కాదు. బ్లీచింగ్‌ల పనిచేసేది క్లోరిన్. దానికి క్రిమి, బురద తేడా తెల్వది, ఏది ముందు తగిలితే దాంతోనే ఖర్చయిపోతది. ఒండ్రు అట్లనే ఉంచి ఎంత ఏసినా క్రిముల దాకా మిగలదు.

ముందు మోటరు బంద్ చేసి నీళ్ళు తోడెయ్యండి. మూత తీసి గాలి ఆడనియ్యండి, దిగే మనిషికి పైన ఇంకొకరు తోడు ఉండాలె. ఒండ్రు ఎత్తి, గోడల మీది పాకుడు బ్రష్షుతో రుద్ది కడగండి. మనిషి లోపల ఉన్నప్పుడు బ్లీచింగ్ వాడొద్దు, మూసిన సంపుల ఆ ఘాటు ఊపిరి ఆడనియ్యదు. తర్వాత పైనుంచే లీటరుకు 3 గ్రాముల బ్లీచింగ్ లెక్కన కలిపిన తేట నీళ్ళు గోడలకు పట్టించి, అరగంట ఆగి కడిగి తోడెయ్యండి.

ఇగ నింపిన నీళ్ళకు మోతాదు. 6×5×5 అంటే 150 ఘనపుటడుగులు. ఒక్కోదాంట్ల 28.3 లీటర్లు, మొత్తం దాదాపు 4,250 లీటర్లు. 1,000 లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున మీకు 11 గ్రాములు పడతది. అంత చిన్న తూకం ఇంట్ల కుదరదు కాబట్టి కిరాణంల 50 గ్రాములు తూపించుకోండి. ముందు కొద్ది నీళ్ళతో ముద్దలేకుండ చేసి, ప్లాస్టిక్ బకెట్ల లీటరు దాకా కలపండి. 10 నిమిషాలకు సున్నం మడ్డి కిందికి దిగుతది. పైతేటల 220 మిల్లీలీటర్లు కొలిచి సంపుల పోసి మంచిగ కలియబెట్టండి. మడ్డి పొయ్యొద్దు, నీళ్ళ గడుసుదనం పెరుగుతది. గంట దాకా నల్లా తిప్పొద్దు. రాత్రి పూట ఏస్తే ఇంకా మేలు.

నకిరేకల్: వాసన వస్తే పని అయినట్టేనా?

మిర్యాలగూడ: కాదు, ముక్కుతోని కొలవలేం. మురికితో కలిసిన క్లోరిన్ కూడా ఘాటుగ వస్తది. గంటయినంక పరీక్ష కిట్టుతో చూడాలె. తాగునీటి భారత ప్రమాణం 10500 ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలె. రోగాలు తిరుగుతున్న దినాలల్ల 0.5 దాకా ఉంచుడు నయం. ఏమీ మిగలకుంటే మోతాదు కొద్దికొద్దిగ పెంచి గంటకోసారి చూడండి. నీళ్ళు మురికిగ ఉంటే ముందు పటిక పట్టి తేరనియ్యండి. క్లోరిన్‌కు లొంగని క్రిములు కూడా కొన్ని ఉన్నయి, అందుకే పసిపిల్లలకు, నీరసంగ ఉన్నోళ్ళకు మసలకాగిన నీళ్ళే ఇయ్యండి.

నాగర్‌కర్నూల్: ఇంకొకటి. మన దిక్కు కొందరు బ్లీచింగ్‌తో ఫ్లోరైడ్ కూడా పోతదనుకుంటరు. పోదు. నల్లగొండ పద్ధతిల ఫ్లోరైడ్‌ను పట్టేది పటిక, సున్నం. బ్లీచింగ్ క్రిముల కోసమే. ఆర్వో పెట్టినోళ్ళకు కూడా ఒక మాట: అండ్ల కార్బన్ క్లోరిన్‌ను పీల్చేస్తది, ఇగ ఆ డబ్బాల నీళ్ళకు కాపలా లేదు. డబ్బా కడగకుంటే మళ్ళ మొదటికే.

నకిరేకల్: రోగి బాత్రూంకు ఇదే లెక్కనా?

జడ్చర్ల: అది వేరే. వాంతి, విరేచనం పడ్డ చోట గ్లవ్స్ ఏసుకుని కాగితంతోనో పాత బట్టతోనో ఎత్తి, లీటరుకు 15 గ్రాముల ద్రావణం పోసి 10 నిమిషాలు తడిగ ఉంచండి. ఎంబడే తుడిస్తే పోసింది వృథా. తలుపు గొళ్ళెం, నల్లా, చెంబు పిడికి 3 గ్రాములదే చాలు. టాయిలెట్ యాసిడ్‌తో మాత్రం కలపనే కలపొద్దు, క్లోరిన్ విషవాయువు లేస్తది. అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో కూడా కలపొద్దు, దాంతోని కూడా విషవాయువే లేస్తది.

నకిరేకల్: నా దగ్గరున్న పాకెట్ గడ్డలు కట్టింది. పనికొస్తదా?

మిర్యాలగూడ: నీళ్ళ సంపుకు ఒద్దు. తాజా పౌడర్ల 33 శాతం దాకా క్లోరిన్ ఉంటది, పై లెక్కలన్నీ దాని మీదవే. తేమ తగిలి గడ్డకట్టినదాంట్ల ఎంత మిగిలిందో చెప్పలేం. కొత్తది కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి. తెరిచినంక గట్టి మూత ప్లాస్టిక్ డబ్బాల, ఎండ తగలని చోట పెట్టండి. మోటరు పక్కన మాత్రం పెట్టకండి, ఇనుమును తింటది.